అర్థం వద్దన్న తీర్మానం

పెనుకొండ మీంచి గాలి. ఆ గాలికి జొన్నకంకులు ఊగినట్టు, ఖాజాబీ ఇంటి నడవాలో ఆడపిల్లలు ఊగుతూ ఖురాన్ చదువుతున్నారు.

అరబ్బీ చదువు. గొంతులో తేనె పోసుకున్నట్టు చదువు.

ఒక్కో వాక్యం దగ్గర ఖాజాబీ ఆగేది. అర్థం చెప్పేది — తెలుగులో. ఇళ్లల్లో వాళ్లు మాట్లాడుకునేది ఆ భాషే.

ఆ అర్థం కోసమే వచ్చేది అజీజున్నీసా. వచ్చే ఏడు చదువు మాన్పించి ఘోషాలో కూర్చోబెడతారు. ఈలోగా అంతా తెలుసుకోవాలి... అంతా.

పందొమ్మిదివందల ముప్పైతొమ్మిదిలో, అనసూయమ్మ పంతులమ్మ మధ్యాహ్నాలు వచ్చి, అదే నడవాలో తెలుగు అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది.

అంతే. మసీదు కమిటీకి జ్వరమొచ్చింది.

కమిటీ అంటే లాల్‌సాబ్. ధర్మవరం మగ్గాలకు రంగులమ్ముతాడు. రంగులు మార్చడం మాత్రం సొంతానికి. కొడుకు హిందూపురంలో ఇంగ్లీషు చదువుతున్నాడు — దానివల్ల ఏ మతానికీ నష్టం రాలేదు.

ఖాజాబీ నడవాలోనే కూడారు. సభ్యులు వచ్చారు. సభ్యత రాలేదు.

“తెలుగు వస్తే మతం పోతాది. మన పిల్లోళ్లకు ఉర్దూనే ఉండాల,” అన్నాడు లాల్‌సాబ్.

తెలుగులో.

సభ్యులు తలలూపారు — గాలి లేకుండానే.

“ఏమప్పా లాల్‌సాబ్, నేను అర్థం చెప్తాండేదీ తెలుగులోనే కదా. అదీ మానుకోమంటావా?” అంది ఖాజాబీ.

ఇరికించాననుకుంది పాపం. సిగ్గున్నవాడైతే ఇరుక్కునేవాడే.

“మానుకో,” అన్నాడు.

తీర్మానమైపోయింది. దానికి తీరూ లేదు, మానమూ లేదు. అనసూయమ్మ రాకూడదు. అర్థం చెప్పకూడదు. మరి ఉర్దూ చెప్పేవాడు ఎప్పుడొస్తాడు? — ఆ ఊసు ఎవడూ ఎత్తలేదు.

మర్నాడు లాల్‌సాబ్ నడవాలో కుర్చీ వేసుకు కూర్చున్నాడు. కాపలా... అర్థం దొంగతనంగా దూరకుండా.

అజీజున్నీసా చదివింది. ఒక్క తప్పు లేదు. ఆగి, ఖాజాబీ ముఖంలోకి చూసింది.

ఖాజాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“బలే చదువుతాండావే పాపా,” అన్నాడు లాల్‌సాబ్, గడ్డం నిమురుకుంటూ.

పిల్ల అతనివైపు తిరిగింది.

“అయితే నువ్వు చెప్పు తాతా. ఇప్పుడు నేను చదివినదాంట్లో ఏముండాది?”

గడ్డం మీద చెయ్యి ఆగింది.

పిల్లలందరూ ఊగడం మాని చూస్తున్నారు...

“గాలి శానా వస్తాండాది. ఆ వాకిలి మూయండి,” అన్నాడు లాల్‌సాబ్.

ఎవరూ లేవలేదు.