ఒకే డబ్బాలో పోసిన మాత్రలు

"సగం మందికి అసలు మందు ఇస్తాం. మిగతా సగానికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర ఇస్తాం. సుద్దబిళ్ళ అనుకోండి. ఎవరికేది పడిందో నాకూ తెలీదు, నర్సుకీ తెలీదు."

ఫీజీ రాజధాని సువా నుంచి వచ్చిన డాక్టర్ సుబ్రమణి ఈ ముక్క హిందీలో చెప్పి, అర్థమైందా అన్నట్టు అందరి మొహాల్లోకీ చూశాడు. నాందీ ఆరోగ్య కేంద్రం వరండాలో బెంచీల మీద కూచున్నదంతా నవాకా ఊరి చెరకు జనమే. అందరిదీ ఒకటే జబ్బు. మూత్రపిండాలు చెడిపోయి పొద్దున లేచేసరికి మొహం ఉబ్బుతుంది, సాయంత్రానికి ఆ నీరంతా కాళ్ళలోకి దిగుతుంది. నర్సు ప్రభ వాళ్ళ మూత్రంలో పుల్ల ముంచితే, పుల్ల కొసనున్న పసుపు ముదురాకుపచ్చకి తిరిగేది. ఎంత ముదురైతే అంత చేటు.

పాపమ్మ రోగి కాదు. తమ్ముడు లచ్మన్‌ని పట్టుకొచ్చింది. తల్లి పోయేనాటికి వాడు పాలు మరవని పిల్లాడు. పెంచింది ఈవిడే. చెరకు గ్యాంగ్‌లో అందరికంటే ముందు తన వరస కోసేసి పక్కవాడి వరసలో చెయ్యేసే మనిషి, ఆవేళ కాళ్ళకి చెప్పులు పట్టక ఉత్త పాదాలతో బస్సు దిగాడు.

"తెలీకుండా సుద్ద పెడతారా డాక్టర్ బాబూ? గొడ్డుకైనా అలా పెట్టరే!" అంది పాపమ్మ.

"అందరికీ మందే ఇస్తే, తగ్గింది మందు వల్లనా, ఊరికేనా అని ఎలా తెలుస్తుందమ్మా? పని చేస్తుందని తేలితే రేపు ఫీజీ అంతటికీ వస్తుంది ఈ మందు."

"తేలేదాకా?"

"ఓపిక పట్టాలి."

"ఓపిక మాకుందయ్యా. కాళ్ళకే లేదు" అన్నాడు మునియ్య, దుంగల్లాంటి తన కాళ్ళు రెండూ ముందుకి చాపి. వరండా అంతా నవ్వింది. డాక్టర్ కూడా నవ్వాడు.

డాక్టర్ చెడ్డవాడు కాదు. ఆ మాట చెప్పుకోవాలి. సైన్యం గద్దె లాక్కున్నాక బాగా చదువుకున్న డాక్టర్లు ఆక్లాండ్‌కో సిడ్నీకో దారి పట్టారు, ఇతను పోలేదు. కానీ మందు అతనిది కాదు. సముద్రం అవతలి కంపెనీది. వాళ్ళకి కావలసింది లెక్క. లెక్కకి మనుషులు కావాలి, ఇంకే గతీ లేని మనుషులైతే మరీ మంచిది. రక్తం కడిగే మిషన్ కావాలంటే విమానం ఎక్కాలి. చెరకు కోసే వాడెక్కడ, విమానం ఎక్కడ? ఒప్పుకోకపోతే ఏముంది, ఇంటికి పోయి ఉబ్బడమే. అందుకని అందరూ సంతకాలు పెట్టారు, రాయడం రానివాళ్ళు వేలిముద్రలేశారు, తలా ఒక సీసా పట్టుకుని బస్సెక్కారు.

దారిపొడుగునా పాపమ్మ లచ్మన్ ఒళ్ళోని సీసానే చూసింది. తెల్లటి మాత్రలు. మీరా సీసాలోనూ తెల్లటివే. మీరా లారీ డ్రైవర్ సతేంద్ర పెళ్ళాం, చంకలో పిల్లది, ఈవిడింటికి రెండిళ్ళవతల. మునియ్య సీసాలోనూ అవే.

లచ్మన్‌కి సుద్ద పడితే?

ఆ ఒక్క ఆలోచన మేకులా దిగింది. మూడు రోజులు అన్నం సయించలేదు. ఒక మాత్ర కొరికి చూసింది, చేదు. మీరాని అడిగి ఆమెది కొరికి చూసింది, అదీ చేదే. దొంగలు రుచి కూడా కలిపారు.

ఆదివారం అందరినీ తన ఇంటికి పిలిచింది. వాకిట్లో చాప, చాప మధ్యలో యంగోనా వేరు కలిపిన మత్తునీళ్ళ గిన్నె. డాక్టర్ తాగొద్దన్నాడు కాబట్టి రోగులు ఒక్క కొబ్బరిచిప్పతో సరిపెట్టుకుంటున్నారు. పాపమ్మ లోపల్నుంచి ఖాళీ పాలపొడి డబ్బా తెచ్చి చాప మీద పెట్టింది.

"సీసాలన్నీ ఇందులో పోయండి."

"ఏంటి పాపమ్మా, మాత్రల పాయసం వండుతావా?" అన్నాడు మునియ్య.

"నోర్ముయ్ బావా, విను. అమ్మవారి పూజకి మనం ఏం చేస్తాం? ఇంటికో గుప్పెడు బియ్యం తెచ్చి ఒకే గుండిగలో పోస్తాం. నీది పాత బియ్యమా, నాది నూకలా అని ఎవడైనా అడుగుతాడా? లేనివాడు ఉత్త చేతులతో వచ్చినా ముద్ద సమానమే. మన తాతలు దొరల తోటల్లో, కూలి లైన్లలో ఉన్నప్పుడు ఆ ఒక్క గుండిగే వాళ్ళని బతికించింది. గుండిగలో పోశాక ఎవరిదీ కాదు, అందరిదీ. వాళ్ళు మనల్ని సగం సగం చీల్చారు. మనం కలుపుదాం. కలిపి పంచుకుంటే ఎవడికీ ఉత్త సుద్ద పడదు. తలా కాస్త మందైనా పడుతుంది."

"డాక్టర్‌కి తెలిస్తే?" అంది మీరా.

"ఎవరు చెప్తారు? నువ్వా?"

మీరా నవ్వి తల అడ్డంగా తిప్పింది. అందరికంటే ముందు తన సీసా మూత తీసింది ఆ పిల్లే. గలగలమని పడ్డాయి మాత్రలు. తర్వాత మునియ్యవి, లచ్మన్‌వి, అందరివీ. పాపమ్మ డబ్బాకి మూతేసి, కందిపప్పు కలిపినట్టు ఎగరేసి కలిపింది. ఎంత ధర్మం మాట్లాడింది ఆవేళ! ఊరంతా మెచ్చుకుంది. ధర్మం కింద ఉన్నది మాత్రం భయం. తమ్ముడికి మొత్తం పోవడం కంటే సగం దక్కడం నయం అనుకుంది. అది ఎవరికీ చెప్పలేదు, తనకి తాను కూడా.

నెలనెలా కొత్త సీసాలు వచ్చేవి. ఆదివారం డబ్బాలో పడేవి, పొట్లాలై ఇళ్ళకి పోయేవి. నర్సు ప్రభ ఎవరి సీసాలో ఎన్ని మిగిలాయని అడిగితే సరిగ్గా లెక్కపెట్టి సీసాలో పోసి చూపించేవాళ్ళు. ఆ విషయంలో నవాకా వాళ్ళంత బుద్ధిమంతులు లేరని ఆమె మెచ్చుకునేది.

మీరా తేరుకుంది. మొహం సన్నబడింది. ఒకరోజు పాత చెప్పులేసుకుని టపటపా నడిచొచ్చి, "చూడు పెద్దమ్మా, పట్టాయి!" అని వాకిట్లో అటూ ఇటూ తిరిగి చూపించింది. మునియ్య మటుకు వానాకాలం దాటలేదు. ఆయాసంతో కూచునే పోయాడు. లచ్మన్ కొన్నాళ్ళు అలాగే నిలబడ్డాడు, తర్వాత జారడం మొదలెట్టాడు. పుల్ల ఆకుపచ్చ నుంచి ఇవతలికి రాలేదు. గ్యాంగ్ వాళ్ళు వాడి చెరకు కోసిపెట్టారు. వాడు గట్టున కూచుని చూశాడు.

మరుసటి ఏడు చెరకు మిల్లు మొదలయ్యే ముందు డాక్టర్ అందరినీ దక్షిణాది వాళ్ళ సంఘం నడిపే బడికి పిలిపించాడు. పిల్లల బల్లల మీద ఇరుక్కుని కూచున్నారు. డాక్టర్ కూచోలేదు.

"మీకు చెడ్డ కబురు చెప్పాలి. ఎవరికేది పడిందో కంపెనీ ఇప్పుడు లిస్టు విప్పింది. సువా పక్కన నౌసోరిలో కూడా ఈ మందే ఇచ్చాం. అక్కడ పని చేసింది. మందు తిన్నవాళ్ళకి వాపులు తీశాయి, సుద్ద తిన్నవాళ్ళకి తియ్యలేదు. నవాకాలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. రెండూ కలిపి చూస్తే ఏమీ తేలలేదు. కంపెనీ ఇక్కడితో ఆపేస్తానంది. మిగిలిన సీసాలు ఇచ్చేయండి."

పాపమ్మ పక్కన లచ్మన్ ఊపిరి గరగరమంటోంది. ఆపేస్తారు అన్న మాట ఒక్కటే ఆవిడకి వినపడింది. నోరు మూసుకుంటే మందు పని చెయ్యదని ముద్ర పడుతుంది. చెప్పేస్తే? మందు మంచిదని తేలుతుంది కదా. తేలితే ఇస్తారు కదా. లేచి నిలబడింది.

"తేడా ఎందుకుంటుంది బాబూ? నేనే అన్నీ ఒక డబ్బాలో పోసి కలిపేశాను. అందరం అందరివీ తిన్నాం. మందు మంచిదే. తప్పు మందుది కాదు."

డాక్టర్ మొహం పాలిపోయింది. "ఎప్పట్నుంచి?"

"మొదటి వారం నుంచి."

"అమ్మా..." అన్నాడు. "నౌసోరి వాళ్ళ నోట్లో కూడా మన్ను కొట్టావమ్మా."

"నేనా! సుద్ద పెట్టింది నువ్వు!"

"పెట్టాను. మందుకి సాక్ష్యం కావాలి. సాక్ష్యం లేకుండా ఏ దేశమూ కొనదు."

"ఇదిగో, నేనే సాక్ష్యం. మా పేర్లు కొట్టెయ్. నౌసోరి లెక్క తీసుకో. మందియ్యి."

"కొట్టేస్తే మిగిలిన జనం చాలరు. మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి. కంపెనీ ఎక్కడ చేస్తుందో, ఎప్పుడు చేస్తుందో. ఏళ్ళు పడుతుంది."

"మా వాడికి ఏళ్ళు లేవు."

"తెలుసు" అన్నాడు డాక్టర్, నేల చూపులు చూస్తూ.

పాపమ్మకి ఇక పట్టుకోవడానికి ఒకే ఒక గడ్డిపోచ మిగిలింది. అది పట్టుకుంది. "ఒక్క మాట చెప్పు బాబూ. మా లచ్మన్‌కి పడింది సుద్దే కదా? నేను కలపబట్టే కదా వాడికి ఆ కాస్తయినా మందు దొరికింది?"

డాక్టర్ చేతిలోని లిస్టు చూసుకున్నాడు. చెప్పకుండా పోయినా బాగుండేది. కానీ నిజం చెప్పడమే అతనికి నేర్పిన చదువు.

"లచ్మన్ సంగతే నాకు అంతుబట్టలేదమ్మా. అసలు మందు తింటున్న మనిషికి నీరు ఎందుకు తియ్యడం లేదని. సుద్ద తినే మీరా ఎలా తేరుకుందని."

పాపమ్మ నిలబడ్డదల్లా పిల్లల బల్ల మీద కూలబడింది.

ఇంటికి పోయే బస్సులో లచ్మనే నోరు విప్పాడు. "ఏడవకు అక్కా. గ్యాంగ్‌లో ఒక్కడి పొలమే కోసి ఊరుకుంటే సర్దార్‌ని తంతారు. నువ్వు అందరిదీ చూశావు." నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. వాడు క్షమించాడు. దాంతో ఆవిడకి పోయిన సగం తిరిగొచ్చిందా?

నర్సు ప్రభ ఇల్లిల్లూ తిరిగి సీసాలు పోగుచేసుకుంది. పాపమ్మ ఖాళీ సీసా చేతిలో పెట్టి, "అన్నీ అయిపోయాయి" అంది. డబ్బా బియ్యం బస్తాలో, మోచేతి లోతున ఉంది. నెల మాత్రలు పోసి ఎన్నాళ్ళో కాలేదు. ఊరందరివీ అందులో ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం తలుపేసుకుని మాత్రలు చాప మీద పోసింది. వెలుగుకి పెట్టి చూసింది. నీళ్ళలో వేసింది. నాలిక మొద్దుబారేదాకా నాకింది. ఒక్కటంటే ఒక్కటి తన తమ్ముడిదని పట్టుకోగలిగితే! మందూ సుద్దా ఒకే తెలుపు, ఒకే చేదు. కలిపింది తను. విడదీసే చెయ్యి లోకంలో లేదు.

ఆదివారం వచ్చింది. మిగతావాళ్ళు ఆశ వదులుకున్నారు, రాలేదు. మీరా వచ్చింది, చంకలో పిల్ల, చేతిలో బొప్పాయి.

"లచ్మన్ మామకి పెట్టు పెద్దమ్మా. మెత్తగా ఉంది, మింగుతాడు." గడప దగ్గరే నిలబడి, చెప్పుల్లో కాళ్ళు అటూ ఇటూ మార్చింది. చీలమండల దగ్గర మళ్ళీ మెరుస్తోంది చర్మం, నీరు పట్టేముందు మెరిసినట్టు. "ఆయన మందే కదా నన్ను లేపి నిలబెట్టింది. ఆ మాట ఆయనకి చెప్పు. డబ్బాలో ఏమన్నా మిగిలాయా? నా వంతు మొత్తం వద్దు. సగమిచ్చినా చాలు. పిల్లది ఇంకా పాలు తాగుతోంది."

గుండిగలో పోశాక ఎవరిదీ కాదు, అందరిదీ. ఆ మాట అన్నది ఈ వాకిట్లోనే. మొదటి సీసా మూత తీసింది ఈ పిల్లే.

"లేవు" అంది పాపమ్మ. "నర్సు పట్టుకుపోయింది."

"అన్నీనా?"

"అన్నీ."

మీరా తలూపింది. అనుమానించలేదు. బొప్పాయి గడప మీద పెట్టి, పిల్లని ఇంకో చంకకి మార్చుకుని వెళ్ళిపోయింది.

పాపమ్మ తలుపు మూసి బస్తాలో చెయ్యి పెట్టింది. డబ్బాలో సగం సుద్ద కాబట్టి ఒకటి చాలదు, రెండు తీసింది. నీళ్ళ చెంబు పట్టుకుని తమ్ముడి మంచం దగ్గరికి పోయింది. లచ్మన్ దిండుకి ఆనుకుని ఉన్నాడు. మంచం పక్కనే కిటికీ, కిటికీ అవతలే గడప.

"మీరా గొంతు వినపడింది" అన్నాడు.

"ఊఁ."

"ఇవెక్కడివి అక్కా?"

"నీవే రా. మొదట్నుంచీ నీవే."

లచ్మన్ అరచేతిలోని మాత్రల వైపు చూశాడు. కిటికీ వైపు చూశాడు. అక్క మొహం వైపు మటుకు చూడలేదు. ముప్పై దాటిన మనిషి, చెరకంతా ఇంకా కొయ్యాల్సి ఉన్న మనిషి. రెండూ నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు.

బయట మట్టిరోడ్డు మీద మీరా చెప్పులు టపటపమంటూ పోతున్నాయి. అవి వినపడనంత దూరం పోయేదాకా అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ వింటూనే ఉన్నారు.