ఒంటిగంట దాకా వచ్చిన లెక్క

పన్ను పీకించుకుని, రెండు రోజుల సెలవు ముగించి, వాచిన బుగ్గతో పెద్దక్క పొద్దున తొమ్మిదింటికి కంట్రోల్ గదికి వచ్చింది. ముప్పైఎనిమిదేళ్లుగా సూర్యుడికి దూరంగా పోతూనే ఉన్న నౌకలో, సూర్యుడు విసిరే కణాలను లెక్కపెట్టే యంత్రం ఆమె చేతుల మీదుగా తయారైంది. ఆ కణాలు తగ్గి తగ్గి ఆగిపోయే చోటే సూర్యుడి ఇలాకాకు పొలిమేర. ఆ పొలిమేర ఇవాళో రేపో.

ఆదేశాల పుస్తకం తిప్పుతూ ఒక కాగితం దగ్గర ఆగింది. మొన్న సాయంత్రం ఏడింటికి పంపినది: "కణాల యంత్రం ఆపివేయాలి." కింద రెండు సంతకాలు. ఒకటి బృంద నాయకుడిది. రెండోది తనదే.

నౌకకు ఏ ఆదేశం వెళ్లాలన్నా ఇద్దరు సంతకం చేయాలి. తను లేనప్పుడు యాంటెనా తిప్పాల్సి వస్తే నాయకుడు ఇబ్బంది పడతాడని, సెలవుకు ముందు ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చింది తనే. చేరిన కొత్తలో స్క్రూడ్రైవర్ పట్టడం కూడా తను నేర్పినవాడే కదా అని.

"ఏరా, ఇదేంటి?"

ఎదుటి బల్ల దగ్గరున్న నాయకుడు తన కుర్చీ చక్రాల వంక చూశాడు. "నౌకలో కరెంటు చాలట్లేదక్కా. నీ కణాల యంత్రమో, నా అయస్కాంత యంత్రమో ఒకటి ఆపాలి."

"సోమవారం కూర్చుని తేల్చుకుందామన్నాంగా!"

"కూర్చుంటే నువ్వే గెలుస్తావు. నీ నోటి ముందు నేనెప్పుడు నిలబడ్డాను?"

"అందుకని నా నోట్లో పన్ను పీకేదాకా ఆగావన్నమాట."

పక్క కుర్చీలోని కళ్లద్దాలమ్మాయి నవ్వబోయి మింగేసింది. "మళ్లీ ఆన్ చేయమని పంపుదామా, మేడమ్?"

"చలికి బిగుసుకుపోయి ఉంటుందమ్మా. ఒకసారి ఆరితే లేవదు."

ఆదేశం చేరడానికి ఇరవైఒక్క గంటలు, జవాబు రావడానికి మరో ఇరవైఒకటి. అక్కడ యంత్రం నిన్న సాయంత్రమే చచ్చిపోయింది. దాని ఆఖరి లెక్కలు మాత్రం ఇంకా దారిలో ఉన్నాయి. ఒంటిగంట దాకా వస్తాయి.

పెద్దక్క కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. నిమిషానికి ఇరవైఆరు కణాలు. పదకొండున్నరకు పద్దెనిమిది. పన్నెండున్నరకు తొమ్మిది. అందరూ ఆమె వెనక గుమిగూడారు. ఇంకో ఐదు నిమిషాల్లో ఒంటిగంట అనగా నాలుగు. ఆ తర్వాత గీత తెగిపోయింది.

"అక్కా, దాటుతోంది!" చేసిందంతా మరిచిపోయి అతను ఆమె భుజం పట్టుకున్నాడు.

ఆమె ఆ చేతిని తీసి పక్కన పెట్టింది.

"దాటిందో లేదో నీ యంత్రాన్ని అడుగు."

పక్క తెర మీద అతని యంత్రం గీత, పొద్దుటి నుంచి ఎలా ఉందో అలాగే, చదునుగా సాగిపోతోంది.