మధ్యాహ్నం దాకా ఆగే టిఫిన్

"ఒంట్లో రక్తం లేదు, బిడ్డ ఎదగట్లేదు. పొద్దున్నే మధ్యాహ్నం దాకా ఆగే తిండి పెట్టండి" అంది ఎల్బీనగర్ డాక్టరమ్మ. కింద పోర్షన్‌లో కిరాయికుండే సౌజన్యకు ఐదో నెల. నల్గొండ పల్లె నుంచి వచ్చిన పిల్ల, మొగుడు శేఖర్ తెల్లారకుండానే ఆటో తీసుకుపోతాడు. మరి పెట్టేదెవరు? గుడివాడ నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్న శేషారత్నం ఉండగా ఆ ప్రశ్నెందుకు?

ఇడ్లీ పదింటికే అరిగిపోతుంది. పూరీ అంతా నూనె. ఉప్మాలో బలమెక్కడ ఏడిసింది? చివరికి పెసలు పొట్టుతోనే రుబ్బి, అల్లం, జీలకర్ర తగిలించి, దళసరిగా అట్టు వేసి పంపింది.

మర్నాడు సౌజన్య ఖాళీ పళ్ళెం తెచ్చింది.

"ఎలా ఉందే? మధ్యాహ్నం దాకా ఆగిందా?"

"ఒక్కపొద్దు ఆంటీ" అని గొణిగింది పిల్ల.

ఒక పొద్దంతా ఆగిందట! శేషారత్నం ఉబ్బితబ్బిబ్బయింది. "నా అట్టంటే మజాకానా!" అని మొగుడి దగ్గరా, ఇరుగుపొరుగు దగ్గరా గొప్పలు పోయింది. అది మొదలు నెల రోజులుగా పెసరట్టు కిందికి దిగుతూనే ఉంది.

ఆ వేళ బంద్. వీధిలో జై తెలంగాణ నినాదాలు. రాష్ట్రం విడిపోతే తమ గతేమిటని శేషారత్నం గేటుకు తాళం వేసుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఇంతలో కింద నల్లా దగ్గర దబ్బుమని చప్పుడు. పరుగున దిగి చూస్తే ఏముంది, సౌజన్య నేల మీద పడి ఉంది.

ఓరి దేవుడో! తల ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు చల్లింది. పిల్ల కళ్ళు తెరిచింది.

"అట్టు తిన్నావుగా, ఇదేంటే?"

"తినలే ఆంటీ. ఒక్కపొద్దని గా దినమే చెప్పిన గదా. పొద్దంత ఏం ముట్ట, మాపటికి ఒక్కసారే తింట. మీ అట్టు మా ఆయనొచ్చి తింటడు."

నెల రోజులు! కడుపుతో ఉన్న పిల్ల పస్తుంటే తను ఊరంతా డప్పు కొట్టుకుందే!

"ఎవరుండమన్నారే నిన్ను ఉపవాసాలు?"

"మా అన్న లింగస్వామిని ఉద్యమంల జైలుకు తీస్కపోయిండ్రు. తెలంగాణ వచ్చేదాక ఒక్కపొద్దుంటనని యాదగిరి నర్సన్నకు మొక్కిన. అప్పుడు కడుపు లేకుండె. ఇప్పుడిడిస్తే అన్నకేమన్న అయితే ఎట్ల?"

"తెలంగాణ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసే? నీ బిడ్డ మూడు నెలల్లో వస్తుంది!"

తిట్టింది, బతిమాలింది. పిల్ల ససేమిరా అంది. "మొక్కు ఊకెనే పోదు ఆంటీ. పెద్దోళ్ళెవరన్న మీదేసుకోవాలె. మా అమ్మ లేదాయె."

శేషారత్నం లేచి మేడెక్కి, పొగలు కక్కే అట్టుతో దిగింది.

"యాదగిరిగుట్ట ఎటువైపే?"

సౌజన్య చెయ్యెత్తి చూపించింది. శేషారత్నం అటు తిరిగి దండం పెట్టింది. "స్వామీ, ఈ పిల్ల మొక్కు ఇవాళ్టి నుంచి నాది. తెలంగాణ వచ్చేదాకా పగలు నేను ముట్టను. దీన్ని వదిలెయ్యి."

సౌజన్య బిత్తరపోయింది. "మీరా? మీరు ఆంధ్రోళ్ళు గదా ఆంటీ!"

"నోరు మూసుకుని తిను" అంటూ ముక్క తుంచి నోటికందించింది శేషారత్నం. తను ఏమని మొక్కిందో అప్పటికిగానీ తలకెక్కలేదు. ఇక రాష్ట్రం విడిపోతే గానీ తనకు పగటి పూట మెతుకు లేదు. అయినా రెండో ముక్క తుంచింది.