తేలికైపోయిన బావమరిది

పొద్దున్నే పనిలోకి దిగేముందు బావ చేసే మొదటి పని, బావమరిది వైపు ఇంకో రంగు డబ్బా వేలాడదీయడం. ఇద్దరూ పనిచేసేది మేడ మీద నుంచి రెండు తాళ్ళకి వేలాడే చెక్క మీద. చెరో చివర కూర్చుని గోడకి రంగేస్తారు. బరువు సరిపోకపోతే చెక్క ఒరిగిపోతుంది. మొన్నటిదాకా ఒక్క డబ్బా చాలేది. ఇప్పుడు మూడు కట్టినా చాలట్లేదు.

"ఇంకా తగ్గాడా?" అన్నాడు వాచ్‌మన్, వానొచ్చేట్టుందా అని అడిగినట్టు.

"తగ్గాడు."

అనుమానాలు పోయేకొద్దీ మనిషి బరువు పోతుందని ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఈమధ్య ఊళ్ళో పెడుతున్న మీటింగులకి వెళ్ళేవాళ్ళంతా అంతే. వాళ్ళ ఇళ్ళల్లో ఫ్యాను వేసేముందు మనిషిని మంచానికి కట్టేస్తారు.

బావమరిది మొదట్నించీ ఇలా లేడు. "బావా, ఈ రంగేనంటావా?" అని పదిసార్లు అడిగి ప్రాణం తీసేవాడు. ఏ కిటికీ దగ్గర మంచినీళ్ళడిగినా మొహమ్మీదే తలుపేసేవాళ్ళు. ఇంట్లో వాడి మాట వినేదెవరు? బావ కూడా "నోర్మూసుకుని బ్రష్షు పట్టుకో" అనేవాడు. మీటింగులో మాత్రం ముందు వరసలో కుర్చీ వేశారు. "నీ తప్పేం లేదు తమ్ముడూ, అంతా కాలవ అవతలి వాళ్ళ వల్లే" అన్నారు. ఆ రాత్రి వాడు హాయిగా నిద్రపోయాడు. తెల్లారి చూస్తే పరుపు మీద గుంటే లేదు.

ఇవాళ ఎనిమిదో అంతస్తు. వాడు నడుముకి తాడు కట్టుకోలేదు.

"కట్టుకోరా బాబూ, మీ అక్క నన్ను చంపేస్తుంది."

"నేను పడితే కదా! నువ్వు కట్టుకో, అనుమానాల మూటవి." నవ్వాడు. "ఊరేగింపు ఇటే వస్తుంది బావా. ఇక్కణ్ణుంచే కలిసిపోతా. కాలవ దాటాలి."

"దాటి?"

"దాటాక చెప్తారు."

"ఏం చెప్తారోనని భయం లేదూ?"

"వాళ్ళకి తెలుసు."

ఎంత చెప్పినా వినలేదు. డప్పులు వినపడగానే చెక్క వదిలేశాడు. బావ గబుక్కున చొక్కా పట్టుకున్నాడు. వాడు గాలిపటంలా అటూ ఇటూ ఊగుతూ, "వదులు బావా, నలుగుర్లో పరువు తీస్తావేంటి" అని గింజుకున్నాడు.

కింద వీధిలో జనం, కాళ్ళు నేలకి ఆనీ ఆనకుండా, సాగిపోతున్నారు. ముందున్నవాళ్ళు అప్పటికే కాలవ దాటేశారు. అవతలి ఒడ్డున ఓ ఇంట్లోంచి పొగ లేచింది. ఆ ఇంటి డాబా మీద ముసలావిడ ఒకామె, మసి పట్టకుండా, తీగ మీది బట్టలు గబగబా తీసుకుంటోంది.

బావమరిది గింజుకోవడం ఆపేశాడు.

"బావా, మంట తన ఇంట్లోనే అని ఆవిడకి తెలీదా?"

బావ రెండో చెయ్యి కూడా వేసి చొక్కా బిగించి పట్టుకున్నాడు.

"ఆవిడ మనకేం చేసింది బావా?"

ఆ మాట పూర్తవుతూనే వాడి బరువంతా ఒక్కసారిగా తిరిగొచ్చేసింది. అన్నాళ్ళుగా అడక్కుండా వదిలేసిన అనుమానాలన్నీ కలిపి. బావ భుజాలు పీక్కుపోయాయి. గుండీలు తెగాయి. చొక్కా ఒక్కటే చేతిలో మిగిలింది.

వాడు పడ్డచోట రోడ్డు పగిలింది. వెనకాల వస్తున్నవాళ్ళు ఒక్క జానెడు పైకి లేచి, వాడి మీదుగా కాలవ వైపు సాగిపోయారు.