ఊరికే కట్టిన ఊరు

బావ పోయిన నెలకి అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ బావ ఆడే ఆట తెరుచుకోవట్లేదు. తెరంతా నల్లగా అయిపోతోంది. ఓసారి వచ్చి చూడు."

కంప్యూటర్లు బాగుచేయడం నా వృత్తి, మాటల్ని పాడుచేయడం ప్రవృత్తి. "నీకూ ఆటలు మొదలయ్యాయా అక్కా?" అన్నాను. అక్క ఫోన్ పెట్టేసింది.

బావ పురపాలక కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్. ముప్పై ఏళ్ళు కాగితాల మీద రోడ్లు గీశాడు. వాటిలో నేల మీదికి దిగినవి రెండో, మూడో. రిటైరయ్యాక కంప్యూటర్లో ఊళ్ళు కట్టే ఆట పట్టుకున్నాడు. ఊళ్ళంటే ఒక్క ఊరే. ఆరేళ్ళూ అదే ఊరు.

"ఊరికే కూర్చున్నావా బావా?" అని అడిగితే, "అవును, ఊరికే కూర్చున్నాను. ఊరు ఊరికే వస్తుందా మరి?" అనేవాడు. నేను పది విసిరితే తను ఒకటి విసిరేవాడు, అదే తగిలేది. "నీది శ్లేష కాదురా బామ్మర్దీ, శ్లేష్మం. ఆపుకోలేవు," అనేవాడు.

ఆ పాత డబ్బాకి కొత్త విండోస్ బరువైపోతే, దాని బదులు లైనక్స్ అనే తేలికపాటి సిస్టమ్ ఎక్కించింది నేనే. కిటికీలు మూసేసి తలుపు తెరిచాను. కానీ బావ ఆట విండోస్‌ది. దాన్ని లైనక్స్‌లో ఆడించాలంటే వైన్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి. 'నువ్వింకా విండోస్‌లోనే ఉన్నావు తల్లీ' అని ఆటని నమ్మించడం దాని పని. "బావకి వైన్ అలవాటు చేశాను," అని చెబితే అక్క రెండ్రోజులు నాకు కాఫీ ఇవ్వలేదు. పైగా ఆ వైన్ తన సరుకంతా పేరుకి ముందు చుక్క ఉన్న ఫోల్డర్లో పెట్టుకుంటుంది. చుక్క ఉన్న ఫోల్డరు మామూలుగా చూస్తే కనపడదు. "చుక్క పడ్డాక కనపడకపోవడం మామూలేగా," అన్నాడు బావ.

వెళ్ళాను. అక్క నర్సు. ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, యూనిఫాం ఇంకా మార్చుకోలేదు.

"ఆటతో ఏం చేస్తావక్కా?"

"చూస్తాను. రోజూ పిలిచేవాడురా, 'ఒక్కసారి వచ్చి చూడవే' అని. కుక్కర్ పెట్టాననో, డ్యూటీకి టైమైందనో... ఒక్కసారీ వెళ్ళలేదు. ఆరేళ్ళు."

నేను తెర వైపు తిరిగాను. ఏదో అప్‌డేట్ పడ్డాక వైన్ మంచానపడింది. ఈ రోగానికి మా వృత్తిలో అందరూ వాడే మందు ఒకటే. ఆ చుక్క ఫోల్డర్ని చెరిపేస్తే వైన్ కొత్తది కట్టుకుంటుంది. షాపులో వందసార్లు చేశాను. చెయ్యి దానంతటదే పోయింది. చెరిపేశాను. బావ దాచుకున్న సీడీతో ఆటని మళ్ళీ ఎక్కించాను. సంగీతం మోగింది, బొమ్మ వచ్చింది.

"అక్కా, రా రా! ఆట ఆడింది!"

అక్క మొహం కడుక్కుని, కళ్ళద్దాలు పెట్టుకుని, జుట్టు సర్దుకుంటూ వచ్చింది, ఎవరింటికో బయల్దేరినట్టు. బావ కుర్చీలో కూర్చుంది. తెర మీద ఒక్కటే మీట ఉంది: 'కొత్త ఊరు'.

"పాత ఊరికి ఎక్కడ నొక్కాలిరా?"

అప్పుడు వెలిగింది నాకు. ఆటని ఆ ఉత్తుత్తి విండోస్‌లో కాపురం పెట్టించాక, అది తన సామానంతా అక్కడే కదా సర్దుకునేది! బావ ఊరు చుక్క ఫోల్డర్లో ఉంది. ఉండేది.

కంప్యూటర్ని షాపుకి పట్టుకెళ్ళి రెండు రోజులు గాలించాను. త్వరగా తెరుచుకుంటుందని బావకి కొత్తరకం డిస్కు వేసింది కూడా నేనే. చెరిపినదాన్ని అది జాడ లేకుండా తుడిచేసుకుంటుంది. మూడో రోజు మధ్యాహ్నం కంప్యూటర్ని దాని చోట దించి, అక్క ఎదురుగా కూర్చున్నాను.

"నేనే చెరిపేశానక్కా. కాపీ తీసుకోలేదు. ఇక రాదు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఇంకా ప్లగ్గు కూడా పెట్టని కంప్యూటర్ ముందు కూర్చుని, మౌస్ పట్టుకుని అటూ ఇటూ కదిపింది.

"నువ్వు చూశావుగా. చెప్పు, ఎలా ఉండేది?"

చూశాను. ఎన్నిసార్లు చూపించాడో. "నది ఉండేదక్కా. దాని మీద వంతెన..." అని ఆగిపోయాను. ఇంకేం రావట్లేదు. ఎంత తవ్వినా నా జోకులే బయటపడుతున్నాయి.

"వంతెన దగ్గర?"

"వంతెన అవతలికి వేలు చూపించాడు. 'అదిగో, అది మీ అక్కకి...' అన్నాడు."

"నాకు?"

"అప్పుడే నేను అడ్డం పడ్డాను. 'ఈ వంతెన నీ వంతేనా బావా, ఇందులో మా అక్క వంతేం లేదా?' అన్నాను. పడీపడీ నవ్వాడు. ఇక ఆ మాట పూర్తి చేయలేదు."

అక్క నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"వంతెన దాటాక ఎటువైపు చూపించాడు? కుడికా, ఎడమకా?"

నాకు తెలీదు.

"ఎడమకి," అన్నాను.