నీడ గీసిన కత్తి

పొద్దు పొడవగానే అప్పలస్వామి వసారాలో పీట వేసుకుని, తడిగుడ్డ మీద సానరాయి పెట్టేవాడు. గెడ్డం కత్తి రాయికి అంటిపెట్టుకుని పోవాలి. వాదర ముందు, వెన్ను వెనక. కొసకి వెళ్ళేక వెన్ను మీద తిప్పాలి గాని, వాదర మీద తిప్పేవాడు మనిషే కాడు. ఆపైన తోలు బెల్టు మీద వెనక్కి లాగాలి. బిలాస్‌పూర్ లోకోషెడ్‌లో ఫిట్టరుగా చేసి రిటైరై దిగిపోయిన మనిషి. ఆ కత్తిని ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

కోడలు అప్పయమ్మతో అతనికి మాటల్లేవు. పెళ్ళిపందిట్లో ఆమె తండ్రి ఆ కత్తిని చూసి, "వంకాయలు తరుక్కోడానికి బాగుంటుంది" అన్నాడు. అప్పట్నుంచీ అంతే.

పెళ్ళాం కడుపుతో ఉంటే మొగుడు గెడ్డం గీసుకోకూడదు. అదే షెడ్డులో పనిచేసే కొడుకు చిన్నారావు ముందు రెండుసార్లూ షెడ్డు ఫోర్‌మెన్‌కి భయపడి గీసుకున్నాడు. రెండు కాన్పులూ దక్కలేదు. ఈసారీ ఫోర్‌మెన్ అదే మాట అన్నాడు, గెడ్డంతో వస్తే డ్యూటీ లేదు, క్వార్టరూ లేదని. అందుకని అప్పలస్వామి కొడుకుని వీధిలో ఎండకి కూర్చోబెట్టి, గోడ మీద పడ్డ నీడకి గెడ్డం గీసేవాడు. తడిమితే గెడ్డం ఉండేది. చూస్తే కనపడేది కాదు. మర్నాటికి మళ్ళీ కనపడేది.

పక్క క్వార్టర్ జగన్నాథం వచ్చి, "మావా, నా నీడక్కూడా ఓ పట్టు పట్టరాదా?" అని అడిగేడు.

"ఏటి, నీ పెళ్ళాం నీళ్ళోసుకుందా?"

"అచ్ఛా, ఇంకా ఏటి నీళ్ళు. మనవలొచ్చీసేరు."

"మరైతే సబ్బు కొనుక్కో."

నీడ గియ్యాలంటే వాదర నీడకన్నా పల్చగా ఉండాలి. రోజూ నూరి నూరి కత్తి అరిగిపోయింది. ఆ రోజు రాయి మీంచి తీసేసరికి, వెన్ను తప్ప కంటికేం ఆనలేదు. ఇంకొక్కసారికి వస్తుంది. మళ్ళీ నూరడానికి ఉక్కు లేదు.

లోపల అప్పయమ్మ రాత్రి నుంచి నొప్పులు పడి పడి, అరిచే ఓపిక కూడా లేక మూలుగుతోంది. గుమ్మానికి కట్టిన తెల్లదుప్పటి వెనక నుంచి మంత్రసాని చిన్నతల్లి పలికింది.

"పేగు మెడకి సుట్టుకుంది బాబూ. నా సెయ్యి అందట్లేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ సేజారిపోతన్నారు."

చిన్నారావు డ్యూటీ టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. షెడ్డు కూతకి ఆట్టే టైం లేదు. తండ్రి కత్తి పట్టుకుని లేచేడు, గుమ్మం వైపు.

"మరి నా డ్యూటీ, నాన్నా?"

అప్పలస్వామి వెనక్కి చూడలేదు. "చిన్నతల్లీ, దాన్ని కిటికీకి అడ్డంగా కూర్చోబెట్టు."

కిటికీ ఎండకి అప్పయమ్మ నీడ వచ్చి దుప్పటి మీద పడింది. ఆ నీడలో బిడ్డ నీడ, బిడ్డ మెడకి తాడులాగ పేగు నీడ. అప్పలస్వామి ఊపిరి బిగబట్టి, ఆ సన్నటి నీడ మీద ఒక్క గీత గీసేడు. దుప్పటి దారమైనా తెగలేదు. చేతిలో కత్తి ముక్కలై రాలిపోయింది.

షెడ్డు కూత పడింది. అది ఆగేక గాని లోపలి ఏడుపు వాళ్ళకి వినపడలేదు.

"ఆడపిల్ల," అంది చిన్నతల్లి.

"ఆ తల్లికి ఏదైనా తాగించు," అన్నాడు అప్పలస్వామి. కోడలితో కాదు, చిన్నతల్లితోనే.

చిన్నారావు గెడ్డంతోనే వెళ్ళేడు. మధ్యాహ్నానికి టోపీ లేకుండా తిరిగొచ్చి, వసారాలో నిలబడి గట్టిగా చెప్పేడు.

"రేపటికల్లా క్వార్టర్ ఖాళీ సెయ్యమన్నాడు నాన్నా."

"సేద్దాం. నెమ్మదిగా సెప్పు, పిల్ల పడుకుంది."