చెడిపోయిన భాగం

మూడో స్క్రూ రావడం లేదు. రిపేరబ్బాయి దాని తల మీద స్క్రూడ్రైవరు ఆనించి, ఊపిరి బిగబట్టి, మణికట్టు ఒక్కటే మెల్లగా తిప్పాడు. వెనక సోఫాలో కూర్చున్న ఇంటాయన తిట్లు మాత్రం ఆగకుండా వస్తూనే ఉన్నాయి.

కొన్న కొద్దికాలానికే లాప్‌టాప్ మూత బందు విరిగింది. లోపలి ఫ్యాను కూడా గరగరమంటోంది. వారంటీ పొడిగించుకోండి, ఇక మీకు చింతే ఉండదు అని వెంటపడి అంటగట్టినవాళ్ళు ఫ్యానుకి ఒప్పుకున్నారు గానీ బందుకి ఒప్పుకోలేదు. విరగడం వేరట, చెడిపోవడం వేరట.

"కాలు విరిగినవాడికి జలుబు మందిచ్చి పంపినట్టుంది మీ వ్యవహారం. నీకైనా సిగ్గనిపించడం లేదూ?" అన్నాడు ఇంటాయన.

"పైవాళ్ళకి చెబుతాను సార్."

స్క్రూ ఊడివచ్చింది. విరిగిన బందు పక్కనే కొత్త ఫ్యాను బిగించి, మూత రెండు చేతులతో పసిపిల్లని పడుకోబెట్టినట్టు మూసి, బ్యాగు భుజానికెత్తుకుని బయటపడ్డాడు.

పైవాళ్ళు ఎవరో అతనికీ తెలియదు. లాప్‌టాప్ చేసిన కంపెనీ ఒకటి, అదనపు వారంటీ అమ్మిన కంపెనీ ఇంకొకటి, ఇతనికి రోజూ పని పంపే ఆఫీసు మరొకటి. ముగ్గురూ మూడు దిక్కుల్లో ఉంటారు. తిట్లు మాత్రం దారి తప్పకుండా ఒక్కడి దగ్గరికే వస్తాయి. యాభై దాటి, కణతల దగ్గర నెరిసి, మోకాళ్ళు మెట్లెక్కనని మొరాయిస్తున్నా జనానికి అతను రిపేరబ్బాయే. "రిపేరబ్బాయి వచ్చాడు, కుక్కని కట్టెయ్యండి" అంటారు.

పెద్ద పనిమంతుడేమీ కాదు, ఆ సంగతి తనే ఒప్పుకుంటాడు. వయసులో ఉన్నప్పుడు టేప్‌రికార్డర్ల కొట్లో చేరాడు. అది మూతపడితే టీవీల కొట్టు, అదీ మూతపడితే ఈ పని. విప్పు, మార్చు, బిగించు. పాతముక్క ఎందుకు పాడైందని అడగకూడదు. కొత్తముక్క నిజంగా కొత్తదేనా అని అసలే అడగకూడదు. పొద్దున బయల్దేరుతుంటే, లాండ్రీలో ఇస్త్రీ చేసే భార్య చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ అంటుంది: "ఇవాళ ఎవరి తిట్లు తినడానికి?" అతను నవ్వేస్తాడు. ఆ తిట్ల మీదే కూతురి చదువు పూర్తయింది.

రెండో ఇల్లు తెలిసినదే. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అక్కడికిది నాలుగోసారి రావడం. మొదట కీబోర్డు, తరవాత తెర, ఆ తరవాత చార్జింగు. ఈసారి మదర్‌బోర్డే పోయింది.

ఆ ఇంటావిడ స్టేషనులో అనౌన్సరుగా చేసి రిటైరయింది. ఏ బండి ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎంత ఆలస్యమో ఆవిడ చెబితేనే ఊరు కదిలేది. గొంతులో పుండు లేచి స్వరపేటిక తీసేశారు. ఆపరేషనుకి వెళ్ళేముందు ఆవిడ తలుపులు మూసుకుని, రోజూ వాడుకునే మాటలన్నీ తన గొంతుతోనే లాప్‌టాప్‌లో రికార్డు చేసి పెట్టుకుంది. తెర మీద ఒక్కో మాటకి ఒక్కో గడి. నొక్కితే మాట వస్తుంది. పోయినసారి అతను గడపలో నిలబడగానే ముందుగదిలోంచి గంటలాంటి గొంతు, "రా అబ్బాయ్, తలుపు తీసే ఉంది" అంది. వెంటనే, "తమ్ముడూ, ఫ్యాను కట్టెయ్. కరెంటాఫీసు మన నాన్నదేం కాదు" అంది. అతనికి నవ్వాగలేదు.

ఇవాళ గుమ్మం దగ్గర ఆ గొంతు లేదు. ఆవిడ ఒళ్ళో పలక, చేతిలో బలపం. మెడ చుట్టూ పలచటి గుడ్డ, ఊపిరి తీసినప్పుడల్లా దాని మధ్య చిన్నగా ఎగసి పడుతోంది. పక్కనే తమ్ముడు, బట్టతల, మోచేతుల దాకా మడిచిన చొక్కా.

ఆవిడ పలక మీద రాసి చూపించింది. తమ్ముడు పైకి చదివాడు. "మూడువారాలయింది. సిగ్గులేదా మీకు!"

ఆవిడ పలక మీద తట్టి, తల అడ్డంగా ఊపింది.

"సిగ్గు సంగతి నేను కలిపాను," అన్నాడు తమ్ముడు. "అక్క కోపం కూడా నేనే పడాల్సి వస్తోందయ్యా. రెండు కోపాలు ఒక్క ఒంట్లో ఎలా పడతాయి?"

రిపేరబ్బాయి నేల మీద గుడ్డ పరిచి, లాప్‌టాప్ బోర్లించి విప్పాడు. లోపల మదర్‌బోర్డు: అరచేతి కన్నా కాస్త పెద్ద పచ్చని పలక, దాని మీద నల్లని బిళ్ళలు. కేబుళ్ళు తప్పిస్తున్న అతని చెయ్యి ఆ బిళ్ళల దగ్గర ఆగింది. ఈ రకంలో రికార్డులన్నీ దాచుకునే మెమరీ విడిగా ఉండదు. బోర్డుకే అతికి ఉంటుంది.

"అమ్మా, ఆ మాటలన్నీ ఇంకెక్కడైనా కాపీ పెట్టుకున్నారా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఎవడు చెప్పాడయ్యా పెట్టుకోమని?" తమ్ముడు లేచి నిలబడ్డాడు. "వారంటీ అమ్మినవాడు ఏమన్నాడు? ఏమైనా సరే మేం చూసుకుంటాం అన్నాడు. ఏమైనా అంటే ఏమిటి మరి?"

అతను నీళ్ళు నమలలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కొత్త బోర్డు వేస్తే లాప్‌టాప్ పనిచేస్తుంది, ఖాళీగా. పాతది తను వెనక్కి తీసుకుపోవాలి. వాళ్ళు దాన్ని తుడిచేసి, బాగుచేసి, ఇంకెవరికో వేస్తారు. బాగుపడకపోతే నలగ్గొడతారు. బోర్డు ఇవ్వనంటే రిపేరు వద్దన్నారని రాసి వారంటీ మూసేస్తారు.

ఆవిడ పలక తుడిచి, మళ్ళీ రాసి, తమ్ముడికి కాకుండా అతనివైపే తిప్పింది.

"నా గొంతు వాళ్ళదెలా అయింది?"

రిపేరబ్బాయి ఫోను తీసుకుని వరండాలోకి నడిచాడు. ఆఫీసులో సూపర్‌వైజరు తన కూతురి ఈడు పిల్ల. మంచిదే.

"చెడిపోయిన భాగం కంపెనీది అంకుల్. షరతుల్లో ఉంది. లోపలున్న వాటికి మన బాధ్యత లేదని కూడా ఉంది."

"బాధ్యత లేనప్పుడు హక్కెక్కడిదమ్మా? లోపలున్నది మాది కాదంటారు, లోపలున్నదాన్నే పట్టుకుపొమ్మంటారు."

"నన్నడిగితే నేనేం చెప్పను?"

"పైవాళ్ళ నంబరివ్వు. నేనే మాట్లాడతాను."

"నాకూ తెలీదు అంకుల్. మెయిలే వస్తుంది. దానికి జవాబు ఇవ్వడానికి కూడా ఉండదు." తరవాత గొంతు తగ్గించి, "బోర్డు తేకపోతే మీ ఐడీ ఆపేస్తారు, ఇంక పని రాదు. నిజంగా ఆపేస్తారు. తెచ్చేయండి" అంది.

ఫోను పెట్టేశాక కూడా అతను అక్కడే నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ ఎవరెవరో తనని అన్న మాటలన్నీ న్యాయమైనవేనని, అవి చేరాల్సిన చోటికి ఒక్కటీ చేరలేదని, మధ్యలో తను ఒక దిండులా అడ్డుపడి అన్నీ మింగేశాడని ఇప్పుడే తెలిసినట్టయింది. దిండుని పెట్టుకున్నదే అందుకు. భార్య గుర్తొచ్చింది. ఆవిరి కొట్టి కొట్టి ఎర్రబడ్డ ఆమె వేళ్ళు గుర్తొచ్చాయి. మళ్ళీ లోపలికి వచ్చాడు.

కొత్త బోర్డు బిగించాడు. లాప్‌టాప్ వెలిగింది. టైపుచేస్తే మాట్లాడే ప్రోగ్రాం ఒకటి తమ్ముడు వేసిచ్చాడు. ఆవిడ రెండు మాటలు కొట్టింది. ఎవరో పరాయిపిల్ల ముక్కుతో పలికింది, ఒత్తులన్నీ మింగేస్తూ. స్టేషనులో జనం చెవులు రిక్కించి విన్న మనిషి ఆ ఉచ్చారణకి కళ్ళు చిట్లించి, మూత మూసేసింది.

బోర్డు వెనక్కి పంపడానికి వెండిరంగు కవరొకటి ఉంటుంది. అది ముందే చీటీ అంటించి ఇస్తారు. అతను కవరు మడిచి బ్యాగులో పెట్టుకున్నాడు. పాత బోర్డుని మెత్తటి గుడ్డలో చుట్టి ఆవిడ చేతికిచ్చాడు.

"దీంట్లోంచి మాటలు తియ్యడం నాకు రాదమ్మా. వచ్చినవాళ్ళు ఎక్కడో ఉంటారు. వెతకండి. తడి తగలనివ్వకండి."

తమ్ముడు ఏదో అనబోయి, "నీకేం ఇబ్బంది లేదు కదా?" అన్నాడు.

"నా సంగతి నేను చూసుకుంటాను."

ఆవిడ లేచి గుమ్మం దాకా వచ్చింది. పలక లోపలే మర్చిపోయింది. పెదాలు కదిపింది. శబ్దం రాలేదు గానీ, పోయినసారి మెట్లు దిగుతుంటే వెనక వినిపించిన మాటే అది. జాగ్రత్తగా వెళ్ళు అబ్బాయ్. అతను తలూపి, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు.

ఆఫీసుకి చేరేసరికి గోడౌను వైపు షట్టరు సగం దించారు. బ్యాగులోంచి ఒక్కొక్కటీ తీసి సూపర్‌వైజరు బల్ల మీద పెట్టాడు. స్క్రూడ్రైవర్లు, పట్టకారు. మెడలోని ఫోటో కార్డూ తీసి పెట్టాడు. ఆఖర్న వెండిరంగు కవరు. ఆ పిల్ల కవరు మూతి విప్పి లోపలికి చూసింది.

"దారిలో పడిపోయిందని రాస్తాను అంకుల్. పోగొడితే ఒక్క వార్నింగుతో వదిలేస్తారు."

"పడిపోలేదమ్మా. ఎవరిది వాళ్ళకిచ్చాను. అలాగే రాయి."

"అలా రాస్తే మీరు ఇంక..."

"తెలుసు. రాయి. ఒక్కసారైనా పైవాళ్ళు ఆ మాట చదవాలి."

ఆమె కీబోర్డు దగ్గరికి లాక్కుంది. అతను చెప్పినట్టే టైపు చేసింది. అతని జేబులో ఫోను ఒకసారి అదిరింది. ఐడీ ఆపేసిన కబురే అయి ఉంటుందని తీసి చూసుకోలేదు. రోజూ సాయంత్రం ఆ పిల్లకి చెప్పినట్టే "వస్తానమ్మా" అనేసి, భుజం తేలికై ఒక పక్కకి ఒరుగుతున్నట్టు అనిపిస్తుంటే, వంగి షట్టరు కిందినుంచి బయటికి నడిచాడు.

ఆమె మిగతావన్నీ అలమారలో సర్దింది. కవరుని ఎక్కడ పెట్టాలో తోచక వదిలేసింది. 'చెడిపోయిన భాగం' అన్న చీటీ అంటించుకుని, మూతి తెరుచుకుని, ఫ్యాను గాలికి కొంచెం ఉబ్బుతూ, కొంచెం అణుగుతూ అది బల్ల మీద ఉండిపోయింది.